ఊపిరి తెగిన చోట

పాట చివర "చెలియా" అన్న మాట దగ్గర హైమావతికి ఊపిరి తెగిపోయేది.

మిగతా పాటంతా బాగానే పాడేది. "ఏరు దాటాలంటె ఏ పడవ కావాలి, ఎరుకే నీ పడవ ఓ చెలియా" అని పల్లవి. చివరిసారి పాడేటప్పుడు ఆ "చెలియా"ను పాడే గోష్ఠి అంతా కలిసి నెమ్మదిగా, వీలైనంత పొడుగ్గా సాగదీయాలి. అది సగం దూరం పోయేసరికి ఆమె గుండెల్లో గాలి అయిపోయేది. పెదాలు తెరిచే ఉండేవి, గొంతు మాత్రం ఆగిపోయేది.

హైమావతి బస్సు కండక్టరు. పెళ్లయిన కొత్తలో చేరిన ఉద్యోగం, కూతురి పెళ్లి చేసి పంపాక కూడా అదే. స్టాపుల పేర్లు అరిచి అరిచి గొంతు గరగరలాడేది. "ముందుకు జరగండి" అని ఆమె ఒక్క కేక వేస్తే వెనక డోరు దగ్గరివాళ్లు కూడా జరిగేవాళ్లు. ఆ గొంతుతో పాట పాడొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగనూ లేదు.

ఆమె బస్సుకు ఆఖరి స్టాపు వంశధార ఒడ్డున ఉండేది. దిగితే ఎదురుగా ఒక పెంకుటిల్లు. దాన్ని అందరూ మఠం అనేవాళ్లు. సోమలింగం గారనే పెద్దాయన, అందరికీ గురువుగారు, అందులో ఉంటూ, సాయంత్రాలు ఊళ్లోవాళ్లను చేర్చి తత్వాలు పాడించేవారు. ఆయన ఉపన్యాసాలు చెప్పే మనిషి కాదు. ఎవరైనా వేదాంతం అడిగితే "ముందు ఒక పాట పాడదాం" అనేవారు. పాట అయ్యాక అడిగినవాళ్లకు ప్రశ్న గుర్తుండేది కాదు.

ఒక వేసవి సాయంత్రం డ్యూటీ దిగిన హైమావతి మంచినీళ్ల కోసం మఠం గుమ్మంలోకి వెళ్లింది. లోపల పాట సాగుతోంది. చెంబు ఎత్తి నీళ్లు తాగింది. తాగాక చెంబు కింద పెట్టి వచ్చేయొచ్చు. కానీ రాలేదు. ఖాళీ చెంబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చాప చివర కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. సుందరమ్మ. సంతలో కూరగాయలు అమ్ముతుంది. హైమావతి బస్సులో రోజూ గంపలతో ఎక్కేది, ఆ గంపల గురించి ఇద్దరికీ రోజూ గొడవే.

"ఏటలా నిల్చున్నావు? రా, కూకో," అని సుందరమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

హైమావతి కూర్చుంది. బస్సులో జరగమంటే సణిగే మనిషి, ఇక్కడ అడక్కుండానే జరిగింది. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది.

ఆ రోజు పాడలేదు. తర్వాతి వారం పాటకు తాళం వేసింది. ఆ తర్వాత ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు, నోరు తెరిచి పాడుతోంది. గరగర గొంతు గరగరగానే ఉంది. అయినా పక్కన సుందరమ్మ గొంతు, వెనక మద్దెల కొట్టే గవరయ్య గొంతు, ముందు గురువుగారి గొంతు వచ్చి దాన్ని ఆనుకునేసరికి, అది తనదేనా అని ఆమె ఆశ్చర్యపోయింది.

ఇంట్లో ఆమెతో అందరికీ ఏదో ఒక పని ఉండేది. బస్సులో సరేసరి. ఇక్కడ ఎవరికీ ఆమెతో పని లేదు. వస్తే సంతోషం. అంతే. పాటలయ్యాక గవరయ్య భార్య పంపిన అటుకుల ఉప్మా అందరూ విస్తరాకుల్లో పెట్టుకుని తినేవాళ్లు. సుందరమ్మ ఆమె గొంతు కోసమని ఫ్లాస్కులో శొంఠి కాఫీ తెచ్చేది. "గంపకి టికెట్టు కొట్టకపోతే రోజూ తెస్తాను," అనేది. హైమావతి కాఫీ తాగేది, మర్నాడు గంపకి టికెట్టు కొట్టేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

"మేడమ్, ఈమధ్య ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను కూడా తిట్టట్లేదు. ఒంట్లో బాగుందా?" అని ఒకరోజు డ్రైవరు అప్పలరాజు అడిగాడు.

"బాగుంది," అంది హైమావతి. తను కూనిరాగం తీస్తున్నట్టు అప్పుడు గమనించింది.

అలా వానలు వెళ్లిపోయి కార్తీకం వచ్చింది. ఏటి ఒడ్డు ఊళ్ల గోష్ఠులన్నీ ఆ నెలలో ఒక ఆదివారం ఉసిరి తోటలో కలిసేవి. ఒకవైపు వంటలు, ఒకవైపు పాటలు. "ఈసారి మనం పడవ పాట పాడదాం" అన్నారు గురువుగారు.

చిక్కు అప్పుడు మొదలైంది.

పాట నేర్చుకుంటున్నప్పుడు ఒక సాయంత్రం, ఊపిరి చాలకపోయినా ఎలాగైనా చివరిదాకా లాగాలని హైమావతి పంతం పట్టింది. "చెలియా" సాగుతోంది, సాగుతోంది. ఆమె ముఖం ఎర్రబడింది. ఉన్నట్టుండి గొంతు విరిగి, అచ్చం బ్రేకు పడిన బస్సులా కీచుమంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

నవ్వు ఆగాక, తంబూర మీటే జోగినాథం మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారు, మంచిగానే అన్నాడు. "హైమమ్మా, చివర్లో కాస్త తగ్గించి పాడు. అక్కడ పాట తెగినట్టు అనిపిస్తోంది."

ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ అది ఆమెకు ముల్లులా దిగింది. మర్నాటి నుంచి "చెలియా" వచ్చేసరికి ఆమె పెదాలు మాత్రమే కదిపేది. తర్వాత పల్లవి అంతా పెదాలే కదిపింది. చివరికి పాట పాటంతా అలాగే అయిపోయింది. పక్కనున్న సుందరమ్మ ఒకటి రెండుసార్లు ఓరగా చూసింది. శొంఠి కాఫీ ఫ్లాస్కులో చల్లారిపోయేది.

వనభోజనాలు దగ్గర పడ్డాయి. ఆ సాయంత్రం అందరికంటే ముందే హైమావతి మఠానికి వచ్చింది. గురువుగారు అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. ఆమె కింద మెట్టు మీద కూర్చుంది.

"గురువుగారూ, ఆదివారం నేను వడ్డనకి ఉంటాను. పాటకి వద్దు."

"ఎందుకమ్మా?"

"నాకు ఊపిరి చాలట్లేదండీ. నా దగ్గర పాట తెగిపోతోంది. ఇంతమంది కష్టపడి పాడేది నా ఒక్కదాని వల్ల పాడైపోతే బాగుండదు." ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకు ఇక్కడికి రావడం ఎంత ఇష్టమో మీకు తెలీదు. అందుకే చెబుతున్నాను."

గురువుగారు ఒక రాయి ఏరి పక్కన పడేశారు.

"సరే," అన్నారు.

కాదనకపోవడం చూసి హైమావతి మనసు చివుక్కుమంది.

"వడ్డనకే ఉందువుగాని. ఇవాళ మాత్రం నాకొక పని చేసిపెట్టు," అన్నారాయన. "మేము పాడతాం. నువ్వు రేవు మెట్ల దగ్గరికి వెళ్లి విను. 'చెలియా' ఎక్కడ తెగుతుందో చెప్పు. లోపల కూర్చున్నవాళ్లకు తెలియడం లేదు."

అందరూ వచ్చి పాట మొదలుపెట్టేసరికి హైమావతి రేవు మెట్ల మీద ఉంది. ఏరు నిండుగా పారుతోంది. ఎవరో గేదెను కడుగుతున్నాడు. పాట ఇంటి పెంకుల మీదుగా, గట్టు మీదుగా ఏటి మీదికి వచ్చింది. ఆమె చెవులు రిక్కించింది. చివరి పల్లవి. "చెలియా..." అంటూ గొంతులన్నీ ఒక్కటై లేచాయి. ఆమెకు ఊపిరి అయిపోయే చోటు దాటింది. ఇంకా సాగింది. గేదెను కడిగేవాడు చేయి ఆపి అటు చూశాడు. అది అలా సాగి సాగి, నీళ్లమీద ఎక్కడ ముగిసిందో తెలియకుండా ముగిసింది.

హైమావతి తిరిగి వచ్చింది. "ఎక్కడా తెగలేదండీ," అంది.

"సరిగ్గా విన్నావా?"

"కండక్టరు చెవులు గురువుగారూ. ఇంజను మోతలో ఆఖరి సీటువాళ్ల గుసగుసలు కూడా వినిపిస్తాయి నాకు. తెగలేదు."

"అలాగా." ఆయన తన ఎదురుగా చాప చూపించారు. "ఇప్పుడు ఇక్కడ కూర్చో. మళ్లీ పాడతాం. ఈసారి రెండు చెవులూ గట్టిగా మూసుకో. ఊరికే చూడు."

హైమావతి అయోమయంగా కూర్చుని చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. పాట ఎక్కడో దూరంగా, గోడ అవతల మోగుతున్నట్టయింది. మద్దెల మీద గవరయ్య చేతులు ఆడుతున్నాయి. అందరి నోళ్లూ కదులుతున్నాయి. కాసేపటికి నోళ్లన్నీ ఒకేలా తెరుచుకున్నాయి. "చెలియా" వచ్చిందని ఆమెకు అర్థమైంది.

ముందు గవరయ్య నోరు మూతపడింది. భుజాలు లేచాయి, నోరు మళ్లీ తెరుచుకుంది. అతను తెరిచేసరికి ఆ చివరన ఒకమ్మాయి మూసింది. కొండలాంటి గొంతున్న సుందరమ్మ, కళ్లు మూసుకుని, ఎవరూ చూడట్లేదనుకుని, బుగ్గలు పొంగించి గబుక్కున ఇంత గాలి మింగింది. ఇటు ఒకరు ఆగారు, అటు ఒకరు అందుకున్నారు. ఇక జోగినాథం మాస్టారు. ఆయన మొదట్లోనే ఒకసారి, మధ్యలో ఒకసారి, చివరికి వస్తూ ఇంకోసారి గట్టున పడ్డ చేపలా నోరు తెరిచి మూశాడు. మూడోసారి హైమావతి తననే చూస్తోందని గమనించాడు. పట్టుబడ్డ పిల్లవాడిలా సిగ్గుగా నవ్వాడు.

హైమావతికి నవ్వు ఆగలేదు. చెవుల్లోంచి వేళ్లు తీసేసింది. అప్పుడు వినిపించింది, ఎక్కడా అతుకు లేని "చెలియా". కళ్లముందు అందరి దగ్గరా తెగుతూనే ఉంది. చెవులకు మాత్రం నిండుగా ఉంది. ఆమె నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాట ఆగాక గురువుగారు ముందుకు వంగారు. చాప మీద ఉన్న కంచు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టి, "పల్లవి నుంచి," అన్నారు.

సుందరమ్మ జరిగింది. హైమావతి తన చోట్లో కూర్చుని పాడింది. "చెలియా" దగ్గర ఊపిరి అయిపోగానే పంతం పట్టలేదు. హాయిగా ఆగి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. తిరిగి వచ్చేసరికి పాట అక్కడే ఉంది. కదిలే బస్సులోంచి ఎవరో చేయందించి పైకి లాక్కున్నట్టు, గొంతులన్నీ ఆమెను లోపలికి తీసుకున్నాయి.

ఆదివారం ఉసిరి తోట జనంతో నిండిపోయింది. పొయ్యిల మీద పెద్ద గుండిగలు ఉడుకుతున్నాయి. పిల్లలు చెట్ల కింద ఉసిరికాయలు ఏరుకుంటున్నారు. అప్పలరాజు కుటుంబంతో సహా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆమె రూటులో రోజూ తిరిగే ముఖాలు ఎన్నో కనిపించాయి. "మన కండక్టరమ్మ కదూ" అని ఎవరో అంటే, "అవును, ఇప్పుడు జరగమంటే ఎటు జరగాలో" అని ఇంకెవరో అన్నారు. హైమావతి విని నవ్వుకుంది.

కూర్చునేటప్పుడు గురువుగారు ఆమెను పిలిచి తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

పాట మొదలైంది. ఆమె భయపడుతుందేమో అని సుందరమ్మ వెనక నుంచి వీపు మీద చేయి వేసింది. అవసరం లేకపోయింది. చరణాలు వచ్చాయి, వెళ్లాయి. చివరి పల్లవికి తోటలో మాటలు ఆగిపోయాయి. "చెలియా" లేచింది. గురువుగారి గొంతు ఎప్పటిలా ముందుంది, దాని పక్కనే ఆమె గరగర గొంతు, దిగులు లేకుండా, దాపరికం లేకుండా. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ముందు వరసలో అప్పలరాజు నోరు తెరిచి వాళ్లతో పాటే పాడుతున్నాడు, అతనికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. అతన్ని చూసి పక్కవాళ్లూ అందుకున్నారు. కాసేపటికి ఏది గోష్ఠి, ఏది జనం అన్నది తెలియలేదు. ఎవరూ ఆపాలనుకోలేదు. పాట తనంతట తనే ఆగింది.

భోజనాలకు కూర్చున్నప్పుడు హైమావతి గురువుగారి విస్తరి పక్కనే విస్తరి వేసుకుంది. పులిహోర, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం. ఆకలి దంచేస్తోంది. ముందు గబగబా తిన్నది. కాస్త కుదుటపడ్డాక అడిగింది.

"గురువుగారూ, ఒక సంగతి. అందరూ ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటారో ఇప్పుడు నాకు తెలుసు. జోగినాథం మాస్టారివి మూడు చోట్లూ చెప్పగలను."

అవతలి వరసలో మాస్టారు తలవంచుకుని పరమాన్నం తింటున్నాడు.

"ఆ రోజు మాస్టారిని చూసి నవ్వుతూ మిమ్మల్ని మాత్రం చూడనేలేదండీ. ఇవాళ పక్కనే కూర్చుని కూడా కనిపెట్టలేకపోయాను. ఈ వయసులో మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపిరితో ఎలా పాడతారు? మీరసలు ఎప్పుడు తీసుకుంటారు?"

గురువుగారు మజ్జిగ కోసం అన్నంలో గుంట చేసుకుంటున్నారు. చేయి ఆపి ఆమె వైపు చూశారు.

"నువ్వు పాడుతున్నప్పుడమ్మా," అన్నారు.