దీపం పెట్టని కునుకులమ్మ సన్నిధి

పిల్లలూ, దీపం పెట్టకూడని గుడి ఎక్కడైనా ఉంటుందా? ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు.

ఉంది. గెడ్డవలస జూట్ మిల్లు వెనక గేటు పక్కన, సోలార్ పలకల నీడలో శ్రీ కునుకులమ్మవారి సన్నిధి ఉన్నది. అమ్మవారికి విగ్రహం లేదు. గోడలో నిలిపిన గుండ్రని ఇనుప తలుపే ఆమె రూపం. పసుపూ కుంకుమా దానికే. ఇచ్చట గంట లేదు, హారతి లేదు. ఎందుకు లేవో వినండి.

పూర్వం ఇక్కడ బొగ్గు బాయిలరు ఉండేది. బొగ్గు మండితే ఆవిరి, ఆవిరితో కరెంటు, కరెంటుతో మగ్గాలు. అదీ వరస. ఆ పొయ్యి ముప్పై ఎనిమిదేళ్లు ఆరలేదు. అందులో అమ్మవారు ఉన్నదని నమ్మి, పొద్దున వేసే మొదటి పార బొగ్గును ఆమెకు నైవేద్యంగా భావించేవారు. అది వేసేవాడు పైడయ్య అనే ఫైర్‌మన్.

పిమ్మట కంపెనీవారు బొగ్గు మానివేసి, ఎండతోనే మిల్లు నడపాలని నిశ్చయించి పలకలు పరిచారు. వాటిని కడిగే పని పైడయ్యకిచ్చారు. బాయిలరును పాత ఇనుముగా కోయించడానికి ఇంకా మూడు నెలలున్నాయి. పైడయ్యకు ఒకటే భయం: అమ్మను పస్తు పెడితే ఊరుకుంటుందా? తన పిల్లల మీద ఆగ్రహిస్తే? అందుచేత రోజూ పొద్దు పొడవకముందే వచ్చి, ఎవరికీ చెప్పకుండా, మిగిలిన బొగ్గులో రెండు పారలు వేసి మంట నిలిపేవాడు.

మరి ఆ పొగ ఎక్కడికి పోతుంది? పైకి పోయి పలకల మీదికే దిగేది. మసి పట్టిన పలక ఎండ తాగదు. కరెంటు తగ్గేది, మగ్గాలు నిలిచేవి. పైడయ్య మధ్యాహ్నమంతా తోమేవాడు. మర్నాడు మళ్లీ మసి. పలకలే నాసిరకమనుకొని కంపెనీవారు ఒక షెడ్డు మూసేద్దామన్నారు. అతని భార్య నూకరత్నం పనిచేసేది ఆ షెడ్డులోనే. ఆమె అన్నం కారియరు తెచ్చి, అతని చేతులకున్న బొగ్గుమసి చూసి సంగతి గ్రహించి అన్నది:

"పొద్దున్న నువ్వే పూస్తావు, మద్దేనం నువ్వే తోముతావు. అమ్మోరు తిన్నదేటో గానీ, నిన్ను మాత్రం తినేస్తంది."

ఆ పూటే పైడయ్య, చేతిలో గుడ్డ చేతిలోనే ఉండగా, నీడన ఒరిగిపోయాడు. స్వప్నంలో అమ్మవారు కనిపించింది. ఉగ్రరూపం కాదు. డ్యూటీ దిగిన ఆడమనిషిలా ఉన్నది. కొంగుకు మసి, కళ్ల కింద నలుపు.

"పైడయ్యా, ఆకలి ఉన్నా లేకపోయినా ముప్పై ఎనిమిదేళ్లు తిన్నాను. కన్ను మూసింది లేదు. అలిసిపోయానురా. ఇంక పెట్టకు. తలుపేసి నువ్వూ పడుకో."

అతడు లేచి వెళ్లి, నిప్పు మీద బూడిద కప్పి, పొయ్యి తలుపు మూశాడు. జరిగినదంతా తానే ఇంజనీరుగారితో చెప్పుకున్నాడు. ఆయన కోప్పడలేదని చెప్పను. కోప్పడ్డారు, రెండు రోజులు పనిలోకి రావద్దన్నారు. పైడయ్య ఆ రెండు రోజులూ నిద్రపోయాడు. పలకలు మసి లేకుండా మెరిశాయి, షెడ్డు నిలిచింది. బాయిలరు కోసిననాడు ఆ గుండ్రని తలుపును మాత్రం ఇంజనీరుగారే పక్కన పెట్టించారు. దాన్నే ఈ గోడలో నిలిపారు.

నేటికీ ఆ తలుపు తెరవరు, అమ్మ నిద్ర చెడుతుందని నిప్పు చూపరు, గంట కొట్టరు. భక్తులు తడిగుడ్డతో ఒక పలక తుడిచి, కాసేపు కళ్లు మూసుకొని కూర్చుంటారు. నిద్ర పట్టనివారికి, షిఫ్టులు మారి ఒళ్లు చెడినవారికి, చంటిపిల్లల తల్లులకు అమ్మవారు కునుకు ప్రసాదిస్తుందని నమ్మకం. కొందరికి పడుతుంది. కొందరికి కూర్చున్నదే దక్కుతుంది. అదీ తక్కువేం కాదు.

ఇక నేను లేవాలి. ఇంట్లో నానబెట్టిన మినప్పప్పు సగమే కడిగాను, పొట్టు ఇంకా అలాగే ఉంది. మీరు కాసేపు కూర్చోండి.