మిణుగురు దీపం వెనక్కెందుకు వెళ్ళింది

ఒకప్పుడు మిణుగురు దీపం ఒంటి చివర ఉండేది కాదు. నుదుటి మీద, మనం బొట్టు పెట్టుకునే చోట ఉండేది.

ఆ రోజుల్లో దారి చూపడమే మిణుగురు పని. తొలకరి చినుకు పడగానే ఎర్రటి మెత్తటి ఆరుద్ర పురుగులు మట్టిలోంచి బయటికొచ్చేవి. వాటికి వాగు అవతలి ఇసుకనేలంటే ఇష్టం. వాగుకు అడ్డంగా ఒక మద్దిమాను పడి ఉండేది. సందె చీకట్లో అవి ఆ మాను మీద ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటే, మిణుగురు ముందు మెల్లగా ఎగురుతూ వెలుగు పరిచేది. కింద నీళ్ళు, పైన మబ్బులు, మధ్యలో ఆ కాస్త వెలుగు. కలలో నడుస్తున్నట్టుండేది అందరికీ.

మిణుగురు మంచిదే. కానీ దానికో మాట అలవాటు.

గాలి వీస్తే, "నాకు ముందే తెలుసు" అనేది. పాకుడు మీద ఎవరి కాలైనా జారితే, "ఇక్కడ జారుతుందని అనుకుంటూనే ఉన్నా" అనేది.

గట్టు మీది ముసలి నత్త ఒకసారి అడిగింది. "అనుకున్నదానివి ముందే చెప్పొచ్చు కదే?"

"చెప్పేలోపే జారింది తాతా" అంది మిణుగురు.

అబద్ధమాడిందనుకోకండి. అది అలాంటిది కాదు. జరిగిపోయాక ఏదైనా ముందే తెలిసినట్టే ఉంటుంది. పాలు పొంగి పొయ్యిపాలయ్యాక "పొంగుతాయనుకున్నా" అనని వాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

అలా అనగా అనగా, తనకు అన్నీ తెలుసని మిణుగురుకి గట్టి నమ్మకం కుదిరింది. 'తెలిసిన దారికి దీపమెందుకు? కళ్ళలో పడి చిరాకు' అనుకుంది. నుదుటి దీపం ఊడదీసి, తుమ్మబంకతో ఒంటి చివర అతికించుకుంది. తిరిగి చూస్తే దాటొచ్చిన దారంతా బంగారంలా మెరుస్తోంది. మురిసిపోయింది.

ఆ సాయంత్రమే ఒక ఆరుద్ర తల్లి తన పిల్ల కెంపిని తీసుకొచ్చింది. కెంపికి ఇంకా సరిగ్గా నడకే రాలేదు.

"అక్కా, నిన్ను నమ్ముకుని దీన్ని ముందు నడిపిస్తున్నా. నేను వెనకే వస్తా" అంది తల్లి.

"నాకు తెలియని దారా?" అంది మిణుగురు.

పైన కొండల్లో వాన పడిందని దానికి తెలియదు. వాగు పొంగి మాను కొసను విరిచి పట్టుకుపోయింది. ముందంతా చీకటి కావడంతో, రెక్కలున్న మిణుగురు అది చూడకుండానే ఆ ఖాళీ మీదుగా ఎగిరిపోయింది. కెంపి దాని వెలుగునే చూస్తూ నడిచి, మాను లేని చోట కాలు పెట్టింది.

బుడుంగుమని చప్పుడైంది. అప్పుడు గానీ విరిగిన కొస వెలుగులో కనపడలేదు.

అలవాటైన నోరు ఊరుకుంటుందా? "ఇలా అవుతుందని నాకు ముందే..." అంది మిణుగురు.

తల్లి దాని మొహంలోకి చూసింది. "తెలుసా అక్కా? తెలిసే తీసుకెళ్ళావా నా పిల్లని?"

అవునంటే చేతులారా చంపినట్టు. కాదంటే ఇన్నాళ్ళూ ఏమీ తెలియకుండానే అందరినీ నడిపించినట్టు.

"తెలీదమ్మా" అంది మిణుగురు. "నాకేం తెలీదు." ఆ మాట దాని నోట రావడం అదే మొదలు.

దీపాన్ని మళ్ళీ ముందుకు తెచ్చుకోబోయింది. తుమ్మబంక వదిలితేగా. ఇక చేసేది లేక, ఉన్న వెలుగుతోనే వాగు వెంట వెతకసాగింది. కాస్త వెలిగించి చూసేది. కాస్త ఆర్పి, ఏడుపేమైనా వినిపిస్తుందేమోనని చెవి పెట్టేది. తల్లి గట్టు మీద వెంట నడిచింది. నీళ్ళు నిద్రలో మాట్లాడుతున్నట్టు ఏదో గొణుగుతున్నాయి.

ఒకచోట దీపం ఆర్పగానే తుంగగడ్డిలో సన్నని మూలుగు వినిపించింది. కెంపి ఒక తుంగపోచను వాటేసుకుని వణుకుతోంది.

తల్లి పిల్లను గుండెలకు హత్తుకుంది. కాసేపటికి తేరుకుని, "ఇక్కడుందని ఎలా తెలిసింది అక్కా?" అని అడిగింది.

మిణుగురు తన దీపం ఒకసారి వెలిగించి, మళ్ళీ ఆర్పి, వింటూ ముందుకు వెళ్ళిపోయింది.

అప్పటినుంచే మిణుగురు దీపం ఒంటి చివర ఉండిపోయింది. చూడటానికి వెలుగుతుంది, వినడానికి ఆరుతుంది. వానాకాలం చీకట్లో కప్పలూ కీచురాళ్ళూ తమకు తెలిసిందంతా గొంతు చించుకుని చెబుతుంటాయి. మిణుగురు మాత్రం ఈ రోజుకీ ఒక్క మాట మాట్లాడదు.