పుల్లరిలో వచ్చిన తెల్లపిల్ల

అనగనగా, గొర్రెలు మేపుకునేవాళ్లు కూడా పన్ను కట్టే రోజుల్లో, ఒక రాజ్యం అంచున ఒక గుట్ట ఉండేది. గుట్ట మీద ఐలవ్వ గొర్రెలు మేపుకుంటూ ఒక్కతే ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పలకరించే మనిషి లేడు.

గుట్ట గడ్డి మేపినందుకు ఏటా ఒక గొర్రెపిల్లను రాజుగారికి ఇవ్వాలి. దాన్ని పుల్లరి అనేవారు. ఆ ఏడు ఐలవ్వ ఒక నల్లపిల్లను ఇచ్చింది. ఆ తర్వాత కరువొచ్చి మందంతా పోయింది. రాజు జాలిపడి, "ఎవరి పుల్లరి వాళ్లకు తిరిగి ఇచ్చేయండి" అన్నాడు.

భటులు వచ్చి రెండు పిల్లల్ని దింపిపోయారు. ఒకటి తన నల్లపిల్ల. రెండోది ఎవరిదో తెల్లపిల్ల.

నల్లపిల్ల ఐలవ్వను మరిచిపోయింది. పిలిస్తే మూలకు పోయి నిలబడేది. తెల్లపిల్ల మాత్రం వచ్చి ఆమె ఒడిలో తల పెట్టింది. ఎన్నాళ్లకో ఐలవ్వ నోరారా మాట్లాడింది. మూడు రోజులు దానితో మాట్లాడుతూనే ఉంది. నాలుగో రోజు మనసు ఊరుకోలేదు. నల్లపిల్లను దొడ్లో వదిలి, తెల్లపిల్లను తిరిగి ఇచ్చేద్దామని భుజాన వేసుకుని కోటకు నడిచింది.

వాకిట్లో భటుడు నవ్వాడు. "వచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటావేం ముసలమ్మా?"

లోపల గుమాస్తా విసుక్కున్నాడు. "లెక్క తప్పిందని రాస్తే నా కొలువు పోతుంది. పో అవ్వా!"

పుల్లరి అధికారి ఆవులించాడు. "రాజుగారికి ఒక్క పిల్ల ఓ లెక్కా? ఉంచుకో."

ఐలవ్వకు ప్రాణం లేచొచ్చింది. పెద్దలే వద్దన్నాక ఇంకేం! గబగబా ఇంటిదారి పట్టింది. దారిలో పిల్ల తల విదిలించింది. బొచ్చు తొలగి ఎడమ చెవికి మూడు గాట్లు కనబడ్డాయి. ఏ కాపరి గుర్తు ఆ కాపరిది. మూడు గాట్లు పడమటి లోయలోని బక్కయ్యవి.

"పాడు కండ్లు! సూడకపోతే ఎంత బాగుండు" అని ఏడ్చింది. ఏడుస్తూనే పడమటికి తిరిగింది.

లోయలో ఒకటే గుడిసె. ఖాళీ దొడ్డి ముందు ముసలి బక్కయ్య ఒక్కడే కూర్చున్నాడు.

"నా పిల్ల సచ్చిపోయిందని భటులన్నరక్కా. నమ్మబుద్ధి కాలే. రోజూ దొడ్డి తలుపు తీసే పెడుతున్న" అన్నాడు.

తెల్లపిల్ల భుజం మీంచి దూకి అతని దగ్గరికి పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. బక్కయ్య అంబలి పోశాడు గానీ, ఐలవ్వ ముట్టకుండానే లేచింది.

ఉత్త భుజంతో గుట్ట ఎక్కింది. పొద్దుటినుంచీ ఒంటరిగా ఉన్న నల్లపిల్ల అడుగుల చప్పుడు విని దొడ్డి వాకిట్లోకి వచ్చి "మే" అంది. ఐలవ్వ దాని మెడ పట్టుకుని తెల్లపిల్ల కోసం ఏడ్చింది. నల్లపిల్ల మూలకు పోలేదు. కదలకుండా నిలబడింది.

పిల్లలూ, మనకు పొరపాటున ఎక్కువొచ్చిందంటే ఎక్కడో ఎవరికో తక్కువైనట్టే. ఇచ్చినవాడు వద్దన్నా సరే, దాన్ని అసలువాడికి చేర్చాలి.