సీసపు గుండుకి అంటిన మట్టి

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదురా కన్నా. పంతొమ్మిదివందల యాభై ఎనిమిది, ఏప్రిల్ పద్నాలుగు, సోమవారం. పొద్దున్నుంచి దక్షిణపు గాలి హాయిగా వీస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండకి పడవ చెక్కల మధ్య తారు మెత్తబడి కాళ్ళకి అంటుకుంటోంది.

ఆ రోజు ఒక తెరచాప పడవ భైరవపాలెం నుంచి ఉప్పాడకి బయలుదేరింది. అందులో ఎనిమిదేళ్ళ లోవ ఉంది. అమ్మ పైడమ్మ, నాన్న సింహాద్రి, బాబాయి ధనరాజు, తాత కాశీరాజు ఉన్నారు. ఉప్పాడలో లోవ మేనత్తకి కొడుకు పుట్టాడు. వాడి బారసాలకి వీళ్ళు ఉయ్యాల తీసుకెళ్తున్నారు. కొన్నది కాదు, పనస చెక్కతో తాత స్వయంగా చేసింది. దాని అంచులకి చిలకలు కూడా చెక్కాడు. ఒక చిలకకి ముక్కు వంకరపోయింది. లోవకి అదే ఇష్టం. సరే, చిలక సంగతి అలా ఉంచు.

తాతకి కళ్ళు మసకబారాయి. ఎదురుగా ఉన్న మనిషిని గొంతును బట్టే పోల్చుకునేవాడు. బయలుదేరే ముందు బాబాయి నాన్నతో అన్న మాట లోవ చెవిన పడింది. ఈ ప్రయాణంలో అయ్య ఒక్క పొరపాటు చేసినా ఉప్పాడలో చెల్లి ఇంట్లో దింపేద్దాం, ఇంక పడవ ఎక్కించొద్దు అన్నాడు. నాన్న కాదనలేదు. అప్పటినుంచి లోవ తాత పంచె కొంగు వదల్లేదు. తాత లేని పడవ ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

మధ్యాహ్నం దాటాక నల్లమబ్బు ఒకటి లేచింది. గాలి అటూ ఇటూ తడబడింది. అప్పుడు నాన్న పడవని ఇసుక దీవి వెనక్కి మళ్ళించాడు. అక్కడ చుట్టూ మడ అడవి, కెరటం రాదు. తెల్లారేదాకా లంగరు వేసుకుని నిశ్చింతగా ఉండొచ్చు.

అయితే లంగరు వేసేముందు తాత చేసే పని ఒకటుంది. ఆయన దగ్గర జానెడు పొడుగు సీసపు గుండు ఉండేది. దాని అడుగున చిన్న గుంట. ఆ గుంటలో తేనెమైనం నింపి, గుండుకి తాడు కట్టి నీళ్ళలోకి వదిలేవాడు. అడుగున ఏముంటే అది మైనానికి అంటుకుని పైకొచ్చేది. ఇసుకైతే లంగరు జారుతుంది. చిప్పలైతే తాడు కోసుకుపోతుంది. నల్ల బంకమట్టి అయితే లంగరు పట్టు వదలదు. తాత దాన్ని వేలితో తడిమి, వాసన చూసి, నాలిక మీద కూడా పెట్టుకునేవాడు. మా అయ్యకి వంట చెయ్యక్కర్లేదు, సముద్రం అడుగు చాలు అని బాబాయి వేళాకోళం చేసేవాడు.

గుంటలో మైనం నింపే పని లోవది. ఆ రోజు డబ్బాలో మైనం లేదు. ఉయ్యాల తాళ్ళు కిర్రుమనకుండా పొద్దున తనే అంతా రుద్దేసింది. లేదని చెబితే బాబాయి తాతనే ఏదో ఒకటి అంటాడు. అందుకని గిన్నె అడుగున మిగిలిన చద్దన్నం మెత్తగా పిసికి గుంటలో కూరింది. ఎవరికీ చెప్పలేదు.

తాత గుండు వదిలాడు. నాలుగు బారల లోతు. పైకి లాగి గుంట తడిమాడు. కడిగినట్టుంది. అన్నం నీళ్ళలో కలిసిపోయింది మరి, ఆయనకేం తెలుసు.

"ఇక్కడ బండ ఉందిరా సింహాద్రీ. తగిలి మైనం కూడా ఊడిపోయింది. లంగరు వెయ్యకు," అన్నాడు తాత.

బాబాయి నవ్వాడు. "ఈ దీవి వెనక ఆవగింజంత రాయి కూడా లేదని ఈ తీరంలో ఎవర్నడిగినా చెబుతారు. విన్నావా అన్నయ్యా."

తాత గుండుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరాడు. ఆ తర్వాత మెల్లగా, "చెయ్యి కూడా మరిచిపోయిందేమోరా," అన్నాడు.

అప్పుడు బాబాయి నీళ్ళు అద్దంలా నిలిచిన చోటు చూపించి అక్కడ వేద్దామన్నాడు. నాన్న పడవని అక్కడికి చేర్చి లంగరు ఎత్తాడు. లోవ తాత పంచె కొంగు గట్టిగా పట్టుకుంది. చెబితే తనకి దెబ్బలు. చెప్పకపోతే తాతకి ఉప్పాడ.

"నాన్నా, అది మైనం కాదు. చద్దన్నం," అంది లోవ.

నాన్న ఎత్తిన లంగరు ఎత్తినట్టే పట్టుకుని వెనక్కి తిరిగాడు. పైడమ్మే ముందు తేరుకుంది. "పొద్దున తినమంటే వద్దన్నావు. చేపలకి దాచావా తల్లీ," అంది. తాత నవ్వాడు. ఆయన నవ్వేసరికి నాన్నకి కూడా నవ్వాగలేదు. లంగరు మళ్ళీ చెక్క మీద పెట్టేశాడు.

ఆ తర్వాత అమ్మ, లోవ కూర్చుని ఉయ్యాల తాళ్ళ నుంచి మైనం గోళ్ళతో గీకారు. ఉసిరికాయంత వచ్చింది. తాత రెండోసారి గుండు వదిలాడు, బాబాయి చూపించిన చోటే. మైనం నిండా చిప్ప ముక్కలు వచ్చాయి. ఒకటి తాత వేలు కోసింది కూడా. తాత ఆ ముక్క తీసి బాబాయి అరచేతిలో పెట్టాడు. బాబాయి దాని పదును చూశాడు. తర్వాత లంగరు తాడు వైపు చూశాడు. ఇంక నవ్వలేదు.

తెడ్లు వేసుకుంటూ ఇంకాస్త లోపలికి వెళ్ళారు. మూడోసారి తాత గుండు తాడు లోవ చేతికిచ్చాడు. లోవ వదిలింది, లాగింది, తడిమింది. మెత్తగా, జిగురుగా ఉంది. నానిన ఆకుల వాసన. మొహం చిట్లించి నాలిక మీద కూడా పెట్టుకుంది.

"ఏం తల్లీ," అన్నాడు తాత.

"వేసెయ్యొచ్చు తాతా," అంది లోవ.

నాన్న లంగరు వేశాడు.

చీకటి పడకముందే గాలివాన విరుచుకుపడింది. మడచెట్లు వంగి లేచాయి. పడవ ఒకసారి తాడుని గట్టిగా గుంజి ఆగిపోయింది. లంగరు అంగుళం కదల్లేదు. గూడు కింద ఉయ్యాల వేలాడదీస్తే లోవ అందులో ముడుచుకుని పడుకుంది. మైనం లేని తాళ్ళు కిర్రు కిర్రుమన్నాయి. అప్పుడు బాబాయి వచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏ మట్టి ఎలా వాసన వేస్తుందో తనకీ చెప్పమన్నాడు. బారసాల అయ్యాక తాత మళ్ళీ అదే పడవ ఎక్కాడు. ఇంకో ఏడేళ్ళు తిరిగాడు.

తాత పోయాక పంపకాలు జరిగాయి. పడవ సింహాద్రికి వచ్చింది. వలలు ధనరాజుకి వచ్చాయి. వంకర ముక్కు చిలక ఉయ్యాలతో పాటు మేనత్త ఇంట్లోనే ఉండిపోయింది. సీసపు గుండు లోవకి. మన పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడతామే, ఆ గుండు అడుగున గుంట ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా? పైడమ్మకి మాత్రం ఏమీ రాలేదు. కోడలికి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. అందుకని లోవ ఆ గుంటలో మైనం నింపినప్పుడల్లా మొదటి చిటికెడు అమ్మ పేరు చెప్పి పెట్టేది.

కథ వెళ్ళె కంచికి,
పడవ చేరె రేవుకి,
గుండు వచ్చె లోవకి,
నిద్ర రానీ కంటికి.