గవరయ్య కమాను దించిన సభ

సముద్రం ఇప్పటికంటే రెండు తాటిచెట్ల దూరం వెనక్కి ఉండే రోజుల్లో, రాయిపిల్లి జమీలో గవరయ్య అనే ఫిడేలు విద్వాంసుడు ఉండేవాడు. అతని తాత పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదాడు. తండ్రీ సన్నాయే ఊదాడు. గవరయ్య మాత్రం ఫిడేలు పట్టాడు. పొద్దున్నే వాయించేవాడు, మధ్యాహ్నం వాయించేవాడు, దీపాలు పెట్టాక వాయించేవాడు. వేళ్ళ చివర్లు కాయలు కాచి, ఆ కాయలు పగిలి, మళ్ళీ కాచాక గానీ అతన్ని ఎవరూ కచేరీకి పిలవలేదు. ఒకసారి విన్నాక మాత్రం ఎవరూ వదల్లేదు.

ఆ రోజుల్లో ఫిడేలుకు సొంత కచేరీ లేదు. పాడేవాడు నడుమ కూర్చుంటాడు. ఫిడేలువాడు పక్కన కూర్చుంటాడు, పాట వెంట నడుస్తాడు. గవరయ్య ఏళ్ళ తరబడి ఒక్కరి పాట వెంటే నడిచాడు. ఆయన పేరు నృసింహాచార్యులు.

ఆచార్యులు గొప్ప గాయకుడే, కాదనకూడదు. కానీ వయసు మీద పడ్డాక ఆయన గొంతుకు పై స్వరాలు అందడం మానేశాయి. గొంతు ఎక్కి ఎక్కి, అందాల్సిన చోటికి అంగుళం కింద ఆగిపోయేది. ఆ అంగుళాన్ని గవరయ్య ఫిడేలు నింపేది. గొంతు రాకముందే పైకి చేరి నిలబడేది. విన్నవాళ్ళకు గొంతే చేరినట్టుండేది. "ఈ వయసులో ఏం గొంతండీ" అని తలలూపేవారు. శాలువా ఆచార్యులకు. బంగారు కంకణం ఆచార్యులకు. గవరయ్యకు తాంబూలం.

ఈ సంగతి ముగ్గురికే తెలుసు. ఆచార్యులకు తెలుసు. గవరయ్యకు తెలుసు. గవరయ్య పెళ్ళాం పోలమ్మకు తెలుసు.

"జనం మెచ్చుకునేది నిన్నే కదయ్యా. మరి కంకణం ఆయన చేతికెందుకు?" అనేది పోలమ్మ.

"పోనీలేవే. పాట నిలబడితే చాలు," అనేవాడు గవరయ్య.

ఒక ఏడు శ్రీరామనవమి పందిట్లో ఆచార్యుల గొంతు నిలువునా చీలింది. ఏ ఫిడేలూ కప్పలేనంతగా చీలింది. ఆచార్యులు పాట ఆపలేదు. తల తిప్పి గవరయ్య వైపు ఉరిమి చూశాడు, అంతే. పందిరంతా గవరయ్య వైపు చూసింది. ఫిడేలు తప్పిందనుకున్నారు. గవరయ్య ఇంటికొచ్చాడు. అన్నం తినలేదు.

మళ్ళీ ఒక దొరగారింటి పెళ్ళిలో గొంతు చీలింది. ఈసారి ఆచార్యులు చూపుతో సరిపెట్టలేదు. "శ్రుతి చూసుకోరా గవరా," అన్నాడు అందరికీ వినపడేలా. పెళ్ళివారు నవ్వారు. గవరయ్య ఇంటికొచ్చాడు. అన్నం తినలేదు, ఫిడేలు ముట్టలేదు.

పోలమ్మ కంచం పక్కకు నెట్టి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు తప్పు వాయించావా?"

"లేదు."

"మరి తప్పెవరిది?"

గవరయ్య లేచి దీపం వత్తి సవరించాడు.

"నా దగ్గరైనా అనవేటయ్యా. నువ్వు మింగుతున్నావు, కడుపు నాకు మండుతోంది."

మూడోసారి దసరాకి, రాయిపిల్లి రాజావారి కొలువులో చీలింది. ఈసారి ఆచార్యులు పాటే ఆపేశాడు.

"ప్రభూ, ఈ సన్నాయివాడి కొడుకు నా పాటను పాడుచేస్తున్నాడు. ఇన్నాళ్ళూ జాలిపడి వెంట తిప్పుకున్నాను," అన్నాడు.

రాజావారు గవరయ్య వైపు చెయ్యి చూపించారు. "లే. ఆచార్యులవారి కాళ్ళ మీద పడు."

గవరయ్యకు అరికాళ్ళ నుంచి మంట లేచింది. తనను అన్నా పడ్డాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు తండ్రిని అన్నారు.

"పడతాను ప్రభూ. పాట సగంలో ఉంది. ముందు దాన్ని పూర్తి కానివ్వండి."

ఆచార్యులు మళ్ళీ అందుకున్నాడు. పాట మెట్టు మెట్టుగా పైకెక్కింది. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి గవరయ్య ఫిడేలు తీగల మీంచి కమాను దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గొంతు ఒంటరిగా ఎక్కింది. అంగుళం కింద ఆగిపోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ ఆగింది. మూడోసారి ఎక్కబోయి దగ్గులో పడింది.

"ఎందుకు ఆపావు? వాయించు," అన్నారు రాజావారు.

"తప్పు నాదన్నారు కదా ప్రభూ. నా తప్పు లేకుండా పాట వినండి," అన్నాడు గవరయ్య.

కొలువులో అందరికీ అర్థమైంది. రాజావారికీ అర్థమైంది. అర్థమయ్యాక సిగ్గేసింది. సిగ్గేసిన దొరకు కోపం రాక ఏమొస్తుంది? భటులు ఫిడేలు లాక్కున్నారు. మెడ పట్టి బయటికి గెంటారు. నిజం తెలిసిన అంతమందిలో ఒక్కడూ లేవలేదు. పండితులు లేవలేదు, ఉద్యోగులు లేవలేదు, శిష్యులు లేవలేదు.

ఆపైన ఏ గాయకుడూ గవరయ్యను పిలవలేదు. ఎవరి గొంతులో ఏ లోటు ఉందో, అది ఏ సభలో బయటపడుతుందో, ఎవరికి తెలుసు?

పోలమ్మ కాళ్ళ కడియాలు తీసిచ్చి ఇంకో ఫిడేలు తెచ్చింది. గవరయ్య సముద్రపు ఒడ్డున, వలలు ఆరేసే చోట కూర్చుని ఒంటరిగా వాయించాడు.

"పాడేవాడేడీ?" అని అడిగారు పల్లెవాళ్ళు.

"లేడు. ఇదే పాడుతుంది."

వాళ్ళు విన్నారు. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి విన్నారు. దూరపు జమీల నుంచి పల్లకీలు వచ్చాయి. గవరయ్య సభల్లో నడుమ కూర్చుని వాయించాడు. మునుపటి తియ్యదనం తగ్గింది, నిప్పు పెరిగింది. తల ఊపడానికి వచ్చినవాళ్ళు బిగుసుకుని కూర్చునేవారు. అతని చేతికీ కంకణం పడింది. కోపం మాత్రం చల్లారలేదు. రాయిపిల్లి పల్లకీ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఖాళీగా వెళ్ళింది.

ఒకనాడు ఆచార్యులే కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది.

"తప్పు నాదే గవరా. మన్నించు," అన్నాడు గుమ్మంలో నిలబడి.

గవరయ్య లేవలేదు. "నన్ను అన్నది పదిమందిలో అయ్యవారూ. ఈ మాట కూడా అక్కడే చెప్పండి. అప్పుడు చూద్దాం."

ఆచార్యులు అంత ధైర్యం లేక వెనక్కి వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచాయి. గవరయ్య ఆ కోపంతోనే బతికాడు, ఆ కోపంతోనే పోయాడు.

అతను పోయాడని తెలిశాక గానీ ముసలి ఆచార్యులకు ఆ ధైర్యం రాలేదు. దసరా కొలువుకు వెళ్ళి, అందరి ముందూ నిలబడి, "తప్పు నాది. ఆ రోజూ నాదే, అంతకు ముందూ నాదే," అన్నాడు. పాత రాజు పోయి కొడుకు కూర్చున్నాడప్పుడు. అతను పోలమ్మను పిలిపించి, గవరయ్యకు రాతి విగ్రహం పెట్టిస్తానన్నాడు.

"బతికున్న మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయారు. ఇప్పుడు రాయికి చెబుతారా?" అంది పోలమ్మ. "విగ్రహం వద్దు బాబూ. ఇక్కడ పాడేవాడెవడైనా ఆ మాట ముందే చెప్పి పాడాలి. పక్కన కూర్చున్నవాడు బతికుండగా చెప్పాలి."

రాజు సరేనన్నాడు.

జమీలు పోయాయి, కొలువులు పోయాయి. రాయిపిల్లిలో కచేరీ అంటే ఇప్పటికీ ఎంత పెద్ద గాయకుడైనా గొంతు సవరించుకుని, ఫిడేలు వాయించేవారి వైపు తిరిగి, "ఈ పూట పాటలో తప్పు వస్తే అది నాది," అనాల్సిందే. కొందరు సిగ్గుపడి గొణుగుతారు. వెనక వరసలోని ముసలమ్మలు ఊరుకోరు. "వినపడలేదు నాయనా," అంటారు. వాళ్ళకు వినపడేదాకా కమాను లేవదు.