నేర్పిన జవాబు

"మీకు అర్థం కాని మాటతో ఈ కోర్టులో ఎవరికీ శిక్ష పడదు. మీ భాష తెలిసిన దుబాసీని పెడతాం."

కొత్త కోర్టు భవనం తెరిచిన రోజున ఒక పెద్ద జడ్జిగారు మైకులో ఇచ్చిన మాట అది. కొండల మీంచి దిగివచ్చిన కోయవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. గోడలు నాచుపట్టాయి. దుబాసీ మాత్రం రాలేదు.

రాడని ప్రభంజన్‌కు ముందే తెలుసు. "హక్కులు అడుక్కుంటే రావు, లాక్కోవాలి" అనేవాడు. అందుకే సబ్‌జైల్లో విచారణ ఖైదీలకు ఇంగ్లీషు చెప్పడానికి ఒప్పుకున్నాడు. చెప్పమన్నది అతని గురువు లాజరు మాస్టారు. కొండబడుల్లో ఇంగ్లీషు చెప్పి, పిల్లల దగ్గర కోయ భాష నేర్చుకుని, రిటైరైన మనిషి. దుబాసీగా ఊరికే పనిచేస్తానని ఆయన పెట్టుకున్న అర్జీకి కోర్టునుంచి ఉలుకూ పలుకూ లేదు.

కోర్టులో నలిగే మాటలే పాఠం. అరెస్టు, ఛార్జి, బెయిలు, ఫైను, గిల్టీ.

"ఈ మాటలే మీ సంకెళ్లు. వీటినే ఆయుధాలు చేసుకోండి!" అని ప్రభంజన్ బల్ల గుద్దేవాడు.

"పంతులూ, ముందు బెయిలు ఇప్పించు. అర్థం బయటికెళ్లాక చెబుదువుగాని" అనేవాడొక జేబుదొంగ. అందరూ నవ్వేవారు.

సోడె ముత్తయ్య నవ్వేవాడు కాదు. మేకలు కాసుకుంటూ, ఎవరో నరికిన టేకు దుంగ పక్కన దొరికిపోయిన కోయవాడు. తెలుగే అంతంతమాత్రం. ఏది అడిగినా నేలచూపులు చూసేవాడు. ఆ మౌనం చూస్తే ప్రభంజన్‌కు ఒళ్లు మండేది.

"తల వంచితే తొక్కేస్తారు ముత్తయ్యా! లే. నిటారుగా నిలబడు. నేనేది అడిగినా యస్ సర్ అని గట్టిగా చెప్పు. అర్థం సంగతి తర్వాత చూద్దాం."

పోగాపోగా ముత్తయ్యకు అలవాటైంది. ఇంగ్లీషు ముక్క చెవిన పడితే చాలు, లేచి, ఛాతీ విరిచి, "యస్ సర్!" అనేవాడు. బ్యారక్ అంతా ఈలలు. ప్రభంజన్ అతని భుజం తట్టేవాడు.

పేషీ రోజు ప్రభంజన్ కోర్టు హాల్లో వెనక నిలబడ్డాడు. ముత్తయ్యకు పెట్టిన వకీలు రాలేదు. మేజిస్ట్రేటు తల ఎత్తకుండా ఇంగ్లీషులో అభియోగం చదివాడు. నేరం ఒప్పుకుంటావా అని ఇంగ్లీషులోనే అడిగాడు.

ముత్తయ్య నిటారుగా నిలబడ్డాడు.

"యస్ సర్!"

ఏడాది జైలు.

కానిస్టేబులు మోచెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే ముత్తయ్య వెనక్కి తిరిగి ప్రభంజన్ కోసం వెతికాడు. కనిపించగానే నవ్వాడు. సరిగ్గానే చెప్పానా, అన్నట్టు.

సాయంత్రం మాస్టారి వరండాలో ప్రభంజన్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"అది కోర్టు కాదు మాస్టారూ, కసాయికొట్టు! ఇచ్చిన మాట ఏమైంది? దుబాసీ ఏడి? పెద్ద కోర్టుకు రాస్తాను. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి నిలదీస్తాను!"

"నిలదియ్యాల్సిందే" అన్నారు లాజరు మాస్టారు. "రాయి."

ప్రభంజన్ కాగితం తీసుకున్నాడు. మాట ఇచ్చిన జడ్జి పేరు రాశాడు. మేజిస్ట్రేటు పేరు రాశాడు. రాని వకీలు పేరు కాగితం చిరిగేంత నొక్కి రాశాడు.

వరండా మూల ముత్తయ్య భార్య భద్రమ్మ కూర్చుని ఉంది. కోర్టు మెట్ల మీదినుంచి మాస్టారే ఆమెను వెంటబెట్టుకొచ్చారు. ఆయన ఆమె వైపు వంగి కోయలో ఏదో అన్నారు.

ఆమె లేచి ప్రభంజన్ ఎదుటికొచ్చింది. మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుని, ఏదో అడిగింది. అడిగి, అతని మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది.

ప్రభంజన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ కళ్ల ముందు ఊరుకోవడం చేతకాలేదు. తల ఊపాడు.

"అవునమ్మా, అవును."

భద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

"ఏమడిగింది మాస్టారూ?"

"నా మొగుడికి ఆ జవాబు నేర్పింది నువ్వేనా, అని."

ప్రభంజన్ కలం కింద పెట్టాడు.

"ఇప్పుడు ప్రశ్న తెలిసింది కదా నాయనా" అన్నారు మాస్టారు. "ఇప్పుడు చెప్పు."

ప్రభంజన్ గోడవైపు తిరిగిన ఆ వీపును చూశాడు.

మళ్లీ కలం తీసుకుని కాగితం మీదికి వంగాడు. వకీలు పేరు కింద ఇంకో పేరు రాశాడు. ప్రభంజన్, ఇంగ్లీషు పంతులు, సబ్‌జైలు. దాని కింద ఒకే వాక్యం.

"పైన పేర్లున్నవాళ్లందరూ సోడె ముత్తయ్యకు, అతని భాషలో, సెప్టెంబరు ఐదులోగా జవాబు చెప్పాలి."