గడ్డిలో పడిన బాణాలు

ఒకానొక రాజ్యంలో, ఈ కొసన కోడి కూస్తే ఆ కొసన వాళ్ళకు మర్నాటికి గాని వినబడనంత పెద్ద రాజ్యంలో, రణభైరవుడనే మహారాజు ఉండేవాడు. మీసం మీద నిమ్మకాయ నిలబెట్టడమనేది మామూలు రాజుల ముచ్చట. ఈయన మీసం మీద గుమ్మడికాయ పెట్టినా జారేది కాదు. ఈయన విల్లు అందుకున్నాడని తెలిస్తే ఆకాశంలో గద్దలు దణ్ణం పెట్టి దిగిపోయేవి. ఇంతటివాడికి ఒకే ఒక్క లోపం. పది బారల దూరం దాటితే ఎదురుగా ఉన్నది ఏనుగో, గడ్డివామో తేల్చుకోలేడు. ఆ సంగతి రాజ్యమంతటికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఆ కొలువులో ముమ్మడయ్య అని ఒక మాటకారి ఉండేవాడు. ఆయన ఒక్క మాట విసిరితే శత్రురాజులు సైతం కడుపు పట్టుకుని గుర్రాల మీంచి జారిపడేవారు. అలాంటివాడు ఆ ఏడాది నవ్వు మరిచిపోయాడు. కారణం, రాజ్యంలో వాంతిభేదులు పుట్టాయి. దాన్ని మించిన కారణం ఇంకొకటుంది. అది రాజవైద్యుడు ఘటికాచలంగారు.

ఘటికాచలంగారి పాండిత్యం మోయడానికి రెండు జతల ఎడ్లు చాలవు. తలపాగా మోయడానికి వేరే మనిషి. ఆయన వాంతిభేదులకు ఎండు వైద్యం కనిపెట్టాడు. రోగికి నీళ్ళచుక్క ఇవ్వకూడదు, అంతే.

"చిల్లుపడ్డ కుండలో నీళ్ళు పోస్తారటయ్యా ఎవరైనా? ముందు ఎండనివ్వాలి. మనిషీ అంతే" అన్నాడు కొలువులో.

"కుండకు దాహం వెయ్యదు కదండీ" అన్నాడు ముమ్మడయ్య.

"ఇది మా తాతగారి నాటి వైద్యం."

"మీ తాతగారి చేతిలో పోయినవాళ్ళెందరండీ?"

"పోయినవాళ్ళ సంగతి నాకెలా తెలుస్తుందయ్యా? బతికినవాళ్ళే కదా వచ్చి చెప్పేది."

ముమ్మడయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకు కోటగోడ మీది పావురాలు లేచిపోయాయంటే చూసుకోండి.

పైగా ఆ కొలువులో ఒక ఆచారం. జబ్బు తగ్గినవాళ్ళు శుక్రవారం నాడు పసుపుబట్టలు కట్టుకొచ్చి రాజవైద్యుడి కాళ్ళకు మొక్కాలి. మహారాజు సింహాసనం మీంచి చూస్తే ఆయన కళ్ళకు అదంతా పూసిన చామంతితోటలా కనిపించేది. "ఇంతకన్న రుజువేం కావాలయ్యా?" అని మురిసిపోయేవాడు. రాలినవాళ్ళకు పసుపుబట్టలూ లేవు, కొలువూ లేదు.

ఇక లాభం లేదని ముమ్మడయ్య ఊళ్ళమీద పడ్డాడు. ఆయన తిరిగిన తిరుగుడుకు గుర్రం గిట్టలు అరిగి మేకపిల్లంత అయింది. ప్రతి ఊళ్ళో వైద్యుణ్ణి అడిగాడు, మంత్రసానిని అడిగాడు, కాటికాపరిని మరీ మరీ అడిగాడు. నీళ్ళు మాన్పించిన ఇళ్ళలో ఏమైంది, ఉప్పుగంజి తాగించిన ఇళ్ళలో ఏమైంది, బతికిందెవరు, పోయిందెవరు. తనకు నచ్చిన జవాబూ, నచ్చని జవాబూ ఒకే మూటలో కట్టుకొచ్చి కొలువులో విప్పాడు.

"ప్రభూ, ఏ ఒక్క ఊరి మాటా పట్టుకోకండి. అన్నీ కలిపి చూడండి. ఎండబెట్టిన చోట పాడెలు ఎక్కువ లేచాయి. గంజి పోసిన చోట మనుషులు ఎక్కువ లేచారు. కొంగలవాగులో మాత్రం తిరగబడింది, గంజి తాగినవాళ్ళే ఎక్కువ పోయారు. అదీ దాచకుండా చెబుతున్నాను."

ఘటికాచలంగారు తక్కినదంతా వదిలేసి ఆ ఒక్క ఊరే పట్టుకున్నాడు. "విన్నారా ప్రభూ. కొంగలవాగు. ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు."

"అక్కడ వాగునీళ్ళు కాచకుండా గంజిలో కలిపారండీ. గంజి తప్పు కాదు, పచ్చినీళ్ళ తప్పు. నీళ్ళు కాచుకు తాగే ఊళ్ళలో అసలు జబ్బే తక్కువ. అది కూడా మూటలోనే ఉంది, చూడండి."

"కొంగలవాగు" అన్నాడు ఘటికాచలంగారు మళ్ళీ, వేదం చదివినట్టు.

మూడుసార్లు ముమ్మడయ్య మూట విప్పాడు. మూడుసార్లూ ఆయన కొంగలవాగే అన్నాడు. ఆఖరికి మహారాజు విసుగెత్తి ఆజ్ఞ వేశాడు. జబ్బుపడ్డ ప్రతి ఇంటి ముందూ కావలి ఉండాలి. రోగికి నీళ్ళిచ్చినవాడికి కొరడా దెబ్బలు.

అదీ జరిగింది. మరి విధి ఊరుకుంటుందా? ఆ వారంలోనే ముమ్మడయ్య అక్క కామక్క మంచాన పడింది. తల్లి పోయిన నాటినుంచీ ఆయన్ని చంకనేసుకు పెంచిన అక్క. గడపలో భటుడు ఈటె పట్టుకుని నిలబడ్డాడు. కామక్క కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు అట్టకట్టాయి.

"ఒరేయ్ ముమ్మడీ" అంది పీలగా. "రాజుల్ని నవ్విస్తావట గదరా. నాకు గుక్కెడు నీళ్ళు తెప్పించలేవూ?"

ముమ్మడయ్య భటుడి వంక చూశాడు. భటుడు నేలచూపులు చూశాడు. "నా చేతుల్లో ఏముందయ్యా. మా ఇంటి ముందూ ఇంకో భటుడున్నాడు."

ముమ్మడయ్య పైపంచె దులిపి భుజాన వేసుకుని నేరుగా కోటకు నడిచాడు. పొద్దు వాలేలోగా తేలాలి. లేకపోతే అక్క దక్కదు.

ఆ రోజు కోట మైదానంలో గురి ఉత్సవం. ఏటా మహారాజు బాణాలు వేస్తాడు, జనం జేజేలు కొడతారు. గురిబల్ల ఏటేటా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చి ఆ ఏటికి కోట తలుపంత అయింది. దాని చుట్టూ నిలువెత్తు రెల్లుగడ్డి. తగిలిన బాణాలను ఏరుకుని, బంగారు పళ్ళెంలో పెట్టి, డప్పులతో ఊరేగించి తేవడం బంట్ల పని. తగలనివాటి ఊసెత్తడం ఆచారం కాదు.

మహారాజు నెమలీకలు కట్టిన బాణాలు అమ్ములపొది ఖాళీ అయేదాకా వేశాడు. డప్పులు మోగాయి. పళ్ళెం వచ్చింది. "చూశావా ముమ్మడీ, పళ్ళెంలో ఉన్నవన్నీ తగిలినవే" అన్నాడు మీసం దువ్వుతూ.

"చూశాను ప్రభూ. నేనూ తమంతటి విలుకాణ్ణే. సెలవిస్తే చూపిస్తాను."

సభ గొల్లున నవ్వింది. ముమ్మడయ్య జన్మలో దూది ఏకే విల్లు కూడా పట్టినవాడు కాదు. ఘటికాచలంగారు నవ్వి నవ్వి, "ఏమయ్యా ముమ్మడయ్యా, ఓడిపోతే?" అన్నాడు.

"ఓడిపోతే ఎండలో నిలబెట్టి మీ వైద్యం నాకు చెయ్యండి. గెలిస్తే మహారాజులవారు నా మాట ఒక్కటి వినాలి."

మహారాజుకు సరదా పుట్టింది. సరేనన్నాడు.

ముమ్మడయ్యకు కోడీకలు కట్టిన బాణాలిచ్చారు. మొదటి బాణం వెనక్కి పోయింది. రెండోది పందిరి గుంజకు తగిలింది. మూడోది ఘటికాచలంగారి తలపాగా ఎత్తుకుపోయి రావికొమ్మకు తగిలించింది. తక్కినవి రెల్లుగడ్డిలో కలిశాయి. కోట తలుపంత బల్ల కదా, ఆఖరిది ఎలాగో ఓ మూలన గుచ్చుకుంది.

ముమ్మడయ్య విల్లు కింద పెట్టి, "ఊఁ, ఆచారం కానివ్వండి" అన్నాడు. డప్పులు మోగాయి. బంగారు పళ్ళెంలో ఒక్క బాణం ఊరేగింది.

"చిత్తగించండి ప్రభూ. పళ్ళెంలో ఉన్నవన్నీ తగిలినవే."

"మరి తక్కినవో?" అన్నాడు మహారాజు.

"తక్కినవేమిటి ప్రభూ? పళ్ళెంలోకి రానిదాన్ని లెక్కెయ్యడం మన కొలువులో లేదు కదా."

"ఎవర్రా అక్కడ" అని మహారాజు బంట్లను కేకేశాడు. "గడ్డిలో పడ్డవన్నీ ఏరుకు రండి. వీడి గొప్ప బయటపెడదాం."

బంట్లు కదల్లేదు. ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు. మహారాజు గద్దించాడు. రాజాజ్ఞ. తప్పుతుందా? వెళ్ళారు, ఏళ్ళ తరబడి పడి ఉన్నవన్నీ ఏరారు, గంపలతో తెచ్చి సింహాసనం ముందు కుమ్మరించారు.

కోడీకలు గుప్పెడు. నెమలీకలు వామంత.

డప్పులవాడి చేతిలో కర్ర అలాగే నిలిచిపోయింది. మహారాజు వంగి ఒక నెమలీక బాణం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. చేయి మెల్లగా కత్తిపిడి మీదికి పోయింది.

ముమ్మడయ్య మోకరిల్లాడు. "ప్రభూ, తమరు తక్కువ విలుకాడని కాదు. గడ్డిలోవి ఎవరూ చూపించకపోతే ఎంతటివాడి చెయ్యీ చక్కబడదు. ప్రతి శుక్రవారం తమ ముందుకు వచ్చే పసుపుబట్టలు కూడా పళ్ళెంలో బాణాలే. ఘటికాచలంగారి రెల్లుగడ్డి ఊరవతల శ్మశానంలో ఉంది. నేను ఊరూరూ తిరిగి ఏరుకొచ్చింది ఆ గడ్డిలోవాటినే. తగిలినవీ, తగలనివీ కలిపి చూస్తే గాని ఏ వైద్యం నిలుస్తుందో తెలియదు. తప్పిన బాణాన్ని మళ్ళీ ఎక్కుపెట్టుకోవచ్చు. మా అక్కను మళ్ళీ ఎక్కుపెట్టలేను."

"కొంగలవాగు..." అని మొదలెట్టాడు ఘటికాచలంగారు, బోడితల తడుముకుంటూ.

"మీరుండండి" అన్నాడు మహారాజు. ఆ బాణాల కుప్పకేసి చూశాడు. కోట తలుపంత బల్లకేసి చూశాడు, అది మసగ్గా కనిపించింది. "ఇంత పెద్ద బల్ల ఎవరు పెట్టించార్రా?" అన్నాడు. అప్పుడు ఆయన మీసం అదిరింది, తరవాత పొట్ట అదిరింది, ఆ నవ్వుకు కోట బురుజు మీద జెండా రెండుగా చిరిగింది.

అక్కడికక్కడే ఇళ్ళ ముందు కావలి ఎత్తేశారు. కాచిన నీళ్ళూ, ఉప్పుగంజీ ఇంటింటికీ అందాలని దండోరా వేశారు. ముమ్మడయ్యకు ముత్యాలహారం, పల్లకీ ఇచ్చారు. ఏటా ఊరూరూ తిరిగి మంచీ చెడ్డా కలిపి తెచ్చే అధికారం ఇచ్చారు. అంతవరకు బాగానే ఉంది. "ఆ పల్లకీలో మీరూ ఎక్కండి ఘటికాచలంగారూ, కాటికాపర్లతో మీరే మాట్లాడండి" అన్నాడు మహారాజు. ముమ్మడయ్య మళ్ళీ నెత్తి కొట్టుకున్నాడు.

హారం మెళ్ళో ఉండగానే ఇంటికి పరుగెత్తాడు. గడపలోని భటుడు ఈటె పారేసి తన ఇంటికి పరుగెత్తుతూ ఎదురొచ్చాడు. ముమ్మడయ్య గంజి కాచి, చల్లార్చి, చెంచాతో కొంచెం కొంచెం పోశాడు. పొద్దు కుంకే వేళకు కామక్క కళ్ళు తెరిచింది. నాలుక చప్పరించింది.

"ఉప్పు ఎక్కువైందిరా."

"రాజ్యంలో వైద్యులందరినీ అడిగి తెలుసుకున్న ఉప్పే అక్కా అది."

"వాళ్ళెవరూ తాగట్లేదుగా. తాగేది నేను" అంది కామక్క.

ముమ్మడయ్య గిన్నె తీసుకుని, కాచిన నీళ్ళు ఇంకాస్త కలిపాడు.